ప్రయాణములో పసిబిడ్డ ఏడ్చినపుడు

(పాఠశాల వార్షికోత్సవమునాడు తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ఏటేట ఈ వేదికపైనుండి మేము మీతో చదువు మాటలే చెప్పుచుంటిమి. అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమిక విద్యను మాతృభాషలో చెప్పించు సౌకర్యము కల్పింపవలెనని 1956లో మన రాజ్యాంగమునందు 350ఎ అధికరణము చేర్చబడినది. ఆ సంగతి మీలో పలువురికి మా నోట విని విని కంఠస్థమై యుండును. ఈ యేడు వేరొక మాట చెప్పదలచితిమి. బడికి క్షేమముగా చేరిన బిడ్డకే కదా ఏ భాషలోనైనను చదువు చెప్పగలుగుట!

మన పిల్లలలో నడచి వచ్చువారు కొద్దిమందియే. తెలుగు మాధ్యమపు బడి ఊరికొకటి లేదు గనుక, దూరపు పల్లెలనుండి తండ్రి మోటారు సైకిలుపైననో, ఆటోలోనో, పాలబండి వెంటనో పిల్లలు వచ్చుచున్నారు. ఇక చుట్టరికములన్నియు సరిహద్దుకు ఇరువైపుల నల్లుకొని యున్నవి. హిందూపురములో మేనమామ, గోరంట్లలో అత్తగారు, కదిరిలో తిరునాళ్ళు, మదనపల్లెలో పెండ్లి. చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలలోని మన యిండ్లలో పసిబిడ్డ పుట్టిన నెలనుండియే ప్రయాణము చేయుచున్నది. కాబట్టి బండిలో బిడ్డ ఏడ్చుట మనకు పండుగనాటి మాట కాదు, ప్రతిదినపు మాట. అపుడు బండి తోలు పెద్దలు ఏమి చేయవలెను? ఇదియే నేటి విషయము.

ముందుగా మా తప్పు మేము ఒప్పుకొందుము. ఇరువది యేండ్ల క్రిందటి మాట. ఒక వేసవి సాయంకాలము బాగేపల్లినుండి చేలూరు మీదుగా చింతామణికి ఒక మిత్రుని కారులో ప్రయాణమైతిమి. తోలినది మేమే. ముందు సీటులో మా గృహిణి చంటిబిడ్డను ఒడిలో పెట్టుకొని కూర్చుండెను. వెనుక సీటులో మా పెద్దవాడు, మూడేండ్లవాడు, ఒంటరిగా ఉండెను. వానికి బెల్టు కట్టవలెనను తలపు ఆనాడు మాకు రానేలేదు. వాని చేతిలోని చన్నపట్టణపు కొయ్యగుర్రము జారి సీటు క్రిందికి పోయినది. వాడు మొదట అడిగెను, పిదప ఏడ్చెను, పిదప గొంతు చించుకొని అరవసాగెను. చంటిబిడ్డయు లేచి శ్రుతి కలిపినది. మా గృహిణి "కొంచెం ఆపండి" అనెను. "ఊరు వచ్చేసింది, ఇంకెంతసేపు" అని మేము ఆపలేదు. కుడిచేయి స్టీరింగుపై ఉంచి, ఎడమచేయి వెనుకకు చాచి, ఆ గుర్రముకొరకు తడుములాడితిమి. తలయెత్తి చూచునప్పటికి దారినిండ గొర్రెల మంద.

బ్రేకు త్రొక్కితిమి. బండి రోడ్డు దిగి ఒక చింతచెట్టుకు మూడడుగుల దూరములో ఆగినది. గొర్రెలకు ఏమియు కాలేదు. మా వాడు మాత్రము సీటుపైనుండి పడి క్రింది పెదవి చీలినది. కాపరి పెద్దాయన పరుగున వచ్చుట చూచి తిట్టునని తలచితిమి. అతడు తిట్టలేదు. బిడ్డ నోరు తన తువ్వాలుతో తుడిచి, "గొర్రె పోతే ఇంకో గొర్రె కొంటాను సామీ. బిడ్డ పోతే నువ్వు యాడ కొంటావు?" అనెను.

ఆ ప్రశ్నకు మావద్ద సమాధానము లేకపోయెను. మా వాడిప్పుడు మాకంటె పొడగరి, ఉద్యోగము చేసికొనుచున్నాడు. పెదవి క్రింది మచ్చ మాత్రము పోలేదు. వానికి ఆ దినము జ్ఞాపకము లేదు, మాకు మరుపు లేదు.

ఆ పిదప పలుమారు ఆలోచించితిమి. మమ్ము ఆ చెట్టువద్దకు కొనిపోయినది బిడ్డ ఏడుపు కాదు. ఆ ఏడుపును ఆ క్షణమే ఆపివేయవలెనను మా తొందర. బిడ్డ ఏడ్చినచో చెవికి బాధ, మనస్సుకు బాధ. అంతకుమించి దానివలన ఎవరికిని గాయము కాదు. పది నిమిషములు ఏడ్చిన బిడ్డకు ఏ లోపమును రాదు. రెండు క్షణములు కన్ను దారినుండి తొలగినచో ఏమి కాగలదో లెక్క వేసి చూపెదము. మేము ఉపాధ్యాయులము గనుక లెక్క లేక మాట చెప్పుట మాకు అలవాటు కాదు.

గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ఒక్క సెకనులో 11 మీటర్లు పోవును. 60 కిలోమీటర్ల వేగమైనచో సుమారు 17 మీటర్లు, 80 అయినచో 22 మీటర్లు. వెనుకకు తిరిగి బిడ్డ చేతికి ఒక వస్తువు అందించుటకు ఎంత లేదన్నను మూడు సెకనులు పట్టును. 60 కిలోమీటర్ల వేగములో ఆ మూడు సెకనులకు బండి 50 మీటర్లు పోవును. మన మైదానములో పిల్లలు ఆడు క్రికెట్టు పిచ్ పొడవు 20 మీటర్లు. అనగా రెండున్నర పిచ్‌ల దూరము మనము కన్నులు మూసికొని బండి తోలినట్లే. ఆ దూరములో గొర్రెల మంద ఉండవచ్చును, టమోటా పెట్టెల ట్రాక్టరు ఉండవచ్చును, మరియొకరి బిడ్డ ఉండవచ్చును.

కావున మేము నేర్చుకొన్న సూత్రము ఒక్కటే. నోటితో చేయగలిగినది బండి నడచుచుండగా చేయవచ్చును. చేతితో చేయవలసినది, కన్నుతో చూడవలసినది బండి ఆగిన పిదపనే చేయవలెను. "వింటున్నాను నాయనా, నీ బొమ్మ పడిపోయింది, ముందర బండి ఆపి తీసిస్తాను" అని నెమ్మదిగా చెప్పుటకు తల త్రిప్పనక్కరలేదు. బిడ్డ ఆ మాటతోనే ఊరుకొనకపోవచ్చును. అయినను తన బాధ పెద్దలకు తెలిసినదను ధైర్యము దానికి కలుగును. గద్దించినచో ఏడుపు హెచ్చును, మన చేతుల వణకు హెచ్చును. కొట్టుటకు చేయి ఎత్తిన తండ్రి ఒక చేత బిడ్డను, మరియొక చేత బండిని నడుపుచున్నాడు. రెండును చెడును.

బండిలో ఇంకొక పెద్దవారు ఉన్నచో, వారు బిడ్డ ప్రక్కన వెనుక సీటులో కూర్చుండుట మేలు. బిడ్డను చూచుట వారి పని, దారిని చూచుట తోలువారి పని. ఈ పంపకము బయలుదేరకముందే జరుగవలెను. అట్లని తోలువారు ఒంటరిగా ఉన్నపుడు బిడ్డను ముందు సీటులోనికి మార్చరాదు. పసిబిడ్డకు వెనుక సీటే క్షేమము.

"బండి ఆపుడు" అంటిమి. ఎక్కడ ఆపవలెనన్నది అంతకంటె ముఖ్యము. 2023 అక్టోబరు 26వ తేదీ ఉదయము మన చిక్కబళ్ళాపురము వద్ద 44వ జాతీయ రహదారిపై జరిగిన ఘోరము మీలో ఎవరును మరువలేదు. దట్టమైన పొగమంచులో, బాగేపల్లి వైపునుండి బెంగుళూరు వైపు పోవుచున్న ఒక సుమో వాహనము, రోడ్డుపై ఆగియున్న ట్యాంకరును వెనుకనుండి ఢీకొని 13 మంది అసువులు బాసిరి. దసరా ముగించుకొని పనులకు మరలివచ్చుచున్న కూలి జనము వారు. ఆ వాహనములో బిడ్డ ఏడ్చినదని మేము చెప్పుట లేదు. అచటి పాఠము వేరు. పెద్దదారిలో ఆగిన బండి తానే ఒక గండమగును. నంది కొండల మంచు దిగు చలికాలపు ఉదయములందు అది మరింత నిజము.

కాబట్టి బిడ్డ ఏడ్చినదని నడిదారిలోనో, వంతెనపైననో, మలుపులోనో చటుక్కున ఆపరాదు. ఎడమవైపు ఇండికేటరు వేసి, వేగము క్రమముగా తగ్గించి, పెట్రోలు బంకునకో, హోటలు ఆవరణమునకో, సర్వీసు రోడ్డునకో, టోలు గేటు దాటిన పిదప ఉండు విశాల స్థలమునకో చేర్చవలెను. అట్టి తావు దొరకువరకు బిడ్డ ఏడ్చినను ఏడ్వనిండు. ఆ అయిదు నిమిషముల ఏడుపును సహించుటయే ఇందులో మిక్కిలి కష్టమైన భాగము. తప్పనిసరియై దారి ప్రక్కన నిలుపవలసివచ్చినచో తారు విడిచి పూర్తిగా మట్టిలోనికి దింపి, నాలుగు ఇండికేటర్లు వెలిగించి, వాహనములు పోవు వైపు కాక ఎడమవైపు తలుపుననే దిగవలెను. దిగిన బిడ్డ చేయి విడువరాదు.

బండి ఆగినది. ఇపుడు బిడ్డను చూడుడు. పసిబిడ్డ ఊరకే ఏడ్వదు. ఆకలి, దాహము, నిద్ర, ఒంటికి పోవలసివచ్చుట, ఉక్క, వాంతి వచ్చునట్లుండుట, కదలక కూర్చుండలేకుండుట. నూటికి తొంబది పాళ్ళు ఇందులో ఏదో ఒకటి. మాటలు రాని బిడ్డ వీటినన్నింటిని ఒక్క ఏడుపుతోనే చెప్పవలెను గదా! ఎత్తుకొని నాలుగడుగులు తిప్పుడు. నీరు త్రాగింపుడు. చొక్కా బొత్తాములు సడలింపుడు. అయిదు నిమిషములు చాలును. ఆ అయిదు నిమిషములకు ఏ ముహూర్తమును తప్పదు. తప్పినను పెండ్లివారు క్షమింతురు.

రెండు మొదలు పండ్రెండేండ్ల ప్రాయపు పిల్లలలో బండి తిప్పట, అనగా ప్రయాణములో కడుపు త్రిప్పుట, అధికముగా కానవచ్చును. దేహము కదలుచున్నదని చెవిలోపలి అవయవము చెప్పుచుండగా, బండిలోపలి సీటునో, సెల్‌ఫోనునో చూచుచున్న కన్ను కదలుట లేదని చెప్పును. ఆ రెండింటి తగవులో కడుపు చెడును. అట్టి పిల్లలకు బయలుదేరుటకు ముందు కడుపునిండ పెట్టరాదు, పస్తును ఉంచరాదు. రెండు ఇడ్డెనలో, ఒక అరటిపండో చాలును. కిటికీ కొంచెము తెరచి, దూరపు కొండను చూడుమని చెప్పవలెను. ఫోను చేతికి ఇచ్చి ఊరుకోబెట్టు తల్లిదండ్రులకు ఒక మనవి. ఆ ఫోనులో కడుపు త్రిప్పుట ఉన్నది, ఫోను ఆగిన క్షణమున రెట్టింపు ఏడుపును ఉన్నది.

తినుబండారముల విషయమున ఒక హెచ్చరిక. మన ప్రాంతములో చెనక్కాయలకు కొదువ లేదు. కాని నాలుగేండ్లు నిండని పిల్లలకు కదలుచున్న బండిలో చెనక్కాయ గింజలు, గట్టి పిప్పరమెంట్లు పెట్టరాదు. ఏడ్చుచు తిన్న గింజ గాలిగొట్టములోనికి జారవచ్చును. ముందు సీటువారికి అది వినపడనైన వినపడదు.

మాటలతో మరపించుట అన్నిటికంటె మేలైన ఉపాయము. ఇందులో మన తెలుగు మనకు ఎంత సాయపడునో చెప్పనలవి కాదు. అమ్మమ్మ చెప్పు కాకి కథ, పొడుపుకథ, అంకెల పాట, ఇవన్నియు చేయి కదల్పక, కన్ను త్రిప్పక చెప్పదగినవి. కొంచెము పెద్ద పిల్లలైనచో దారిలోని బోర్డులు చదివింపుడు. చిక్కబళ్ళాపురమునుండి బాగేపల్లి వరకు కన్నడ అక్షరములు, కొడికొండ చెక్‌పోస్టు దాటగానే తెలుగు అక్షరములు. ఈ రెండు లిపులును అక్కచెల్లెండ్రు. ఏ అక్షరము ఒక్కతీరున ఉన్నది, ఏది తలకట్టు మార్చినది అని వెదకుచు పోయిన బిడ్డకు ఏడ్చుటకు తీరిక దొరకదు. మన బడిలో రెండు భాషలు నేర్చుకొను పిల్లలకు ఇది పాఠమును, ఆటయును.

ఇక బిడ్డను కూర్చుండబెట్టు విధము. "నా ఒడిలో ఉండగా బిడ్డకు భయమేమి?" అని తల్లులు అందురు. ఆ ప్రేమను మేము ఎరుగుదుము. మరల లెక్కయే చెప్పవలసియున్నది. గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోవు కారు దేనికైన తగిలి సెకనులో పదవ వంతులో ఆగినదనుకొనుడు. 10 కిలోల బిడ్డను పట్టి ఆపుటకు ఆ క్షణమున సుమారు 140 కిలోల బరువును మోయు బలము కావలయును. ఏ తల్లి చేతులకు అది సాధ్యము? తల్లి బెల్టులోనే బిడ్డను చేర్చి కట్టినచో తల్లి బరువు బిడ్డపై పడును. అందుచేతనే పిల్లల సీట్లు ఏర్పడినవి. శిశువులకు వెనుకవైపు ముఖము చేసి కూర్చుండు సీటు, తరువాత ముందువైపు సీటు, ఎదిగిన పిల్లలకు ఎత్తు పెంచు సీటు. వాటిని వెనుక సీటుననే బిగింపవలెను. ముందు సీటులో గాలిసంచి ఉన్నచో, అది తెరచుకొనినపుడు వెనుకకు ముఖము త్రిప్పిన శిశువునకు ప్రాణాపాయమే.

2019లో మోటారు వాహనముల చట్టమునకు చేర్చిన 194బి విభాగము ప్రకారము, పదునాలుగేండ్లు నిండని బిడ్డను బెల్టుగాని, పిల్లల సీటుగాని లేక కారులో కొనిపోవువారికి 1000 రూపాయల జరిమానా. పిల్లల సీటు వెల అందరికిని అందుబాటులో లేదని మాకు తెలియును. బంధువులలో బిడ్డ ఎదిగిన ఇంటినుండి ఎరువు తెచ్చుకొనుట మన అలవాటే కదా. ఊయల చేతులు మారినట్లే ఈ సీటును చేతులు మారవచ్చును. అయితే ఒకమారు ప్రమాదములో చిక్కిన సీటును మాత్రము మరల వాడరాదు. మరియొక మాట: ఏడ్చుచున్నదని జాలిపడి నడచుచున్న బండిలో బిడ్డ బెల్టు విప్పరాదు. ఒకనాడు విప్పినచో మరునాడును దానికొరకే ఏడ్చును.

మనలో ఎక్కువమందికి కారు లేదు, మోటారు సైకిలే ఉన్నది. 2022 ఫిబ్రవరిలో ప్రకటింపబడి 2023 ఫిబ్రవరి 15నుండి అమలులోనికి వచ్చిన కేంద్ర నియమము మన కొరకే. నాలుగేండ్ల లోపు బిడ్డను ద్విచక్ర వాహనముపై కొనిపోవునపుడు, బిడ్డను తోలువారితో చేర్చి కట్టు రక్షణ పట్టీ ఉండవలెను. తొమ్మిది నెలలు దాటిన బిడ్డకు తలకు సరిపోవు హెల్మెట్టు ఉండవలెను. వేగము 40 కిలోమీటర్లు మించరాదు. నాలుగేండ్లు దాటినవారికి హెల్మెట్టు తప్పనిసరి. ట్యాంకుపై కూర్చుండబెట్టిన బిడ్డ ఏడ్చుచు హ్యాండిలు పట్టి లాగుట, నిద్రలో ప్రక్కకు ఒరగుట మీరును చూచియుందురు. మోటారు సైకిలుపై బిడ్డ ఏడ్చినచో ఓదార్చు ఉపాయమే లేదు. ఆపుటయొక్కటే ఉపాయము.

ఊరుకొన్న బిడ్డ నిద్రపోయినదని, కారులో విడిచి తలుపులు మూసి దుకాణమునకు పోవుట మరియొక గండము. ఎండలో నిలిపిన కారు లోపల పది నిమిషములలోనే సుమారు పది డిగ్రీల వేడి పెరుగును. అద్దము వ్రేలెడు దించినను పెద్దగా తగ్గదు. పసిబిడ్డ దేహము పెద్దల దేహముకంటె త్వరగా వేడెక్కును. నిద్ర చెడినను సరియే, బిడ్డను భుజముపై వేసికొని పొండు.

చివరగా మా బడికి సంబంధించిన ఒక మాట. చెప్పుటకు సిగ్గగుచున్నది, చెప్పకుండుట అంతకంటె తప్పు. నిరుడు వరకు మేము గంట కొట్టిన వెంటనే ద్వారము మూయించుచుంటిమి. ఆలస్యముగా వచ్చిన పిల్లలు ప్రార్థన ముగియువరకు బయటనే. క్రమశిక్షణ అని మా తలపు. ఒక వానకాలపు ఉదయము ఒకటవ తరగతి పాప బడికి రానని ఇంటివద్దనే ఏడ్పు మొదలుపెట్టినది. గంట కొట్టుదురను భయముతో తండ్రి ఆ ఏడ్చు బిడ్డను ముందు కూర్చుండబెట్టుకొని వేగముగా వచ్చెను. మన వీధి మలుపున బిడ్డ దిగుటకు పెనుగులాడగా బండి జారి ఇరువురును పడిరి. పాప మోచేయి దోక్కొనిపోయినది, తండ్రి మోకాలు వాచినది. దేవుని దయవలన అంతతో పోయినది. ఆ తండ్రి కుంటుచు వచ్చి, ద్వారము బయట నిలిచి, "ఆలస్యమైపోయింది సార్, తప్పైపోయింది" అని మాకు క్షమాపణ చెప్పెను. ఎవరు ఎవరికి క్షమాపణ చెప్పవలెనో ఆ క్షణమున మాకు తెలిసివచ్చినది. చింతచెట్టు క్రింద ఆ కాపరి అడిగిన ప్రశ్న మరల వినపడినది.

కావున ఈ సభా ముఖమున ప్రకటించుచున్నాము. ఇకమీదట చిన్న తరగతుల పిల్లలు ఆలస్యమైనంతమాత్రమున బయట నిలుపబడరు. "దారిలో పాప ఏడ్చింది, ఆపి వచ్చినాము" అని మీరు చెప్పినచో అది సాకు కాదు, సరియైన కారణమే. ఏడ్చుచు వచ్చిన బిడ్డను ద్వారమువద్ద అందుకొనుటకు ఒక ఉపాధ్యాయిని దినదినము నిలుచును. మీరును ఒక పూచీ తీసికొనుడు. పది నిమిషములు ముందు బయలుదేరుడు. బడి అన్న భయమును ఇంటివద్దనే, కూర్చుండి, ఎదురెదురుగా మాటలాడి తీర్పుడు. అది బండిమీద తీర్చదగినది కాదు.

2022వ సంవత్సరమున మన దేశములో రోడ్డు ప్రమాదములవలన 1,68,491 మంది మరణించిరి. అంత పెద్ద సంఖ్య మన చేతిలోనిది కాదు. మన బిడ్డ, మన బండి, ఈ రెండును మన చేతిలోనివి. బిడ్డ ఏడ్చినపుడు ముందు దారి చూచుట, తగిన తావున బండి నిలుపుట, పిదప బిడ్డను ఎత్తుకొనుట. ఈ వరుస తప్పకుండిన చాలును.

రాబోవు వార్షికోత్సవమునకు మీ పిల్లలందరును ఇట్లే నవ్వుచు వేదికనెక్కవలెనని కోరుచున్నాము. ఇండ్లకు నిదానముగా పొండు.